పదకొండో క్లాజు

చెల్లెలు కాఫీ పట్టుకొచ్చి నిలబడితే పెద్దాయన అడ్డంగా తలూపాడు. ఈ వయసులో ఏం తాగినా అరగంటకల్లా లేవాల్సిందే. ఇవాళ సభలోంచి లేవడానికి లేదు. క్వారీ కార్మికుల బిల్లులో పదకొండో క్లాజుకి ఆయన పేరున ఒక సవరణ ఉంది. సభాపతి పిలిచినప్పుడు సీట్లోంచి లేచి 'ప్రతిపాదిస్తున్నాను' అనాలి. అనకపోతే సవరణ చచ్చినట్టే.

పనిచోట పోయినవాళ్లకే పరిహారమంటోంది బిల్లు. రాతిధూళి ఎవర్నీ పనిచోట చంపదు. ఇంటికి పంపి, ఏళ్ల తరబడి దగ్గించి మరీ చంపుతుంది. చెల్లెలి మొగుడు అలాగే పోయాడు. 'ఇంట్లో పోయినా' అన్న రెండు మాటలు చేర్చమని ఆయన అడుగుతున్నాడు. మీరు లేచి అడిగితే ఒప్పుకుంటాను, నా అంతట నేను పెడితే మావాళ్లు ఊరుకోరని మంత్రి నిన్న చాటుగా చెప్పాడు.

"ఈసారైనా అను అన్నయ్యా. నా ఒక్కదాని కోసం కాదు," అంది చెల్లెలు.

"అనకుండా వస్తానా?"

ఇరవై రెండేళ్లుగా ఆయన ఒక పార్టీకి నాయకుడు. ఏడుగురుండేవాళ్లు, ఒక్కొక్కరే గోడ దూకారు. పోయిన నెల ఆఖరివాడూ దూకాక పార్టీలో నాయకుడు తప్ప ఎవరూ మిగల్లేదు. బలాన్నిబట్టి సమయమిస్తారు గనక ఆయన వాటా రెండు నిమిషాలకు దిగింది. సభలో 'రెండు నిమిషాలాయన' అనే పిలుస్తారు. ఆ రెండు నిమిషాలూ అందరూ లేచిపోయాకే దక్కుతున్నాయి. ఇన్నేళ్లలో తన మాటవల్ల చట్టంలో ఒక్క అక్షరం మారలేదని ఆయనకు తెలుసు. తలుచుకుంటే సిగ్గుగా ఉండేది.

వెనక వరుసలో, స్తంభం పక్కన ఆయన సీటు. సభలో మాటల్ని ఆయన భాషలోకి మార్చి వినిపించే ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నాడు. భోజనానికి లేవలేదు. నాలుగో క్లాజు మీద గొడవతో మధ్యాహ్నం గడిచిపోయింది. తొమ్మిదోది చదువుతుంటే ఎడమచెయ్యి లాగడం మొదలైంది, ఒళ్లంతా చెమట పట్టింది. డాక్టరు గది వరండా చివరే. వెళ్లి రావడానికి పది నిమిషాలు పడుతుంది. ఇంకెంత, రెండు క్లాజులే కదా అనుకుని బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు.

పదకొండోది వచ్చింది. సభాపతి పేరు పిలిచాడు. మళ్లీ పిలిచాడు. పెద్దాయన గడ్డం ఛాతీకి ఆనించుకుని అలాగే ఉన్నాడు.

"రెండు నిమిషాలాయన కునుకేసినట్టున్నారు," అన్నారెవరో. సభ నవ్వింది. మంత్రి కూడా నవ్వి కాగితం తిప్పాడు.

"సవరణ ప్రతిపాదించలేదు," అన్నాడు సభాపతి. క్లాజు ఉన్నదున్నట్టుగా నెగ్గింది.

పద్నాలుగో క్లాజు నడుస్తుండగా మంచినీళ్లందించే ఉద్యోగి ఆయన భుజం తట్టి, ఊపిరి లేదని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇద్దరు మార్షల్స్ వచ్చి చడీచప్పుడు లేకుండా మోసుకుపోయారు. సభ ఆగలేదు. ఆయన చెవిలోంచి జారిన ఇయర్‌ఫోన్ వైరు చివర వేలాడుతూ, పదిహేనో క్లాజుని సన్నటి గొంతుతో ఆయన భాషలో చెబుతూనే ఉంది.