నాగేంద్రమ్మ రెండో డోసు

రాఘవమ్మ సూది వేయించుకున్నమాట నిజమే గానీ, లెక్కలో వేయించుకున్నది ఆమె కాదు. ఆ రోజు అర్ధవీడు పక్కన వాళ్లూరి బడి వరండాలో ఎడమ జబ్బ చాపి కూర్చున్నది, కంప్యూటరు చెప్పేదాన్నిబట్టి, ఆమె తోడికోడలు నాగేంద్రమ్మ. నాగేంద్రమ్మ పోయి అప్పటికి ఎనిమిది నెలలు.

ఇందులో మోసమేమీ లేదని రాఘవమ్మ ఉద్దేశం. ముందుజాగ్రత్త, అంతే. జాగ్రత్తలు తీసుకోండి, తీసుకోండి అని రెండేళ్లుగా ఫోన్ ఎత్తితే చాలు చెవిలో పోస్తూనే ఉన్నారు కదా. ఆమెకంటే ముందు పుట్టిన ఇద్దరు పురిట్లోనే పోతే, ఆమెను మూడోరోజున చేటలో పడుకోబెట్టి ఎదురింటి ముసలమ్మకు ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కున్నారు. చావు వచ్చి ఈ ఇంటి బిడ్డ ఏదీ అని అడిగితే, మా బిడ్డ కాదమ్మా, తవుడుకు కొన్నది అని చెప్పి పంపించెయ్యొచ్చు. యాభై రెండేళ్లుగా ఆ ఉపాయం పని చేస్తూనే ఉంది. చావుకు చదువొచ్చు గానీ లోకజ్ఞానం లేదనీ, అది పేరు చూసి వస్తుందే తప్ప మొహం చూసి రాదనీ ఆ వైపు వాళ్ల నమ్మకం.

ఆ జనవరి చివర్లో ఊళ్లో రెండు కబుర్లు తిరుగుతున్నాయి. సూది వేసుకున్నవాళ్లు రెండేళ్లలో రాలిపోతారన్నది ఒకటి. ఇంటికి ఒక్కరన్నా వేసుకోకపోతే రేషను ఆగిపోతుందన్నది రెండోది. రెండూ ఒకే పొద్దున, ఒకే ఫోన్ నుంచి వచ్చాయి. రాఘవమ్మ రెండింటినీ నమ్మింది. నమ్మకం విషయంలో ఆమెది ధారాళమైన చెయ్యి. నర్సమ్మ వస్తోందని తెలిసిన పొద్దు నుంచి మొగుడు పాపయ్య, మేకలకు గుట్టమీదే మేత బాగుందని కనిపెట్టి అటే ఉండిపోయాడు. బావ మాల్యాద్రి, అంటే చనిపోయిన నాగేంద్రమ్మ మొగుడు, ఎవరేం చెప్పినా తల ఊపేవాడే గానీ అరుగు మీదినుంచి కదిలేవాడు కాదు. ఇంటికి ఒక్కరు అంటే ఇక మిగిలింది రాఘవమ్మే.

రేషను కార్డులో నాగేంద్రమ్మ పేరు ఇంకా అట్లే ఉంది. పెట్టెలో ఆమె ఆధార్ కార్డూ ఉంది. ఒళ్లు నాది, పేరు అక్కది, అనుకుంది రాఘవమ్మ. రెండేళ్ల తర్వాత చావు కాగితం పట్టుకొని వచ్చి నాగేంద్రమ్మ ఏదీ అంటే, ఊరి బయట గుట్ట కింద చూసుకో పో అంటే సరి.

ఎవరూ గుర్తుపట్టలేదు. ఏఎన్ఎం సీతారత్నం ఆ ఊరికి కొత్త. ఆధార్‌లో ఫొటో ఎవరిదీ వాళ్ల పోలికలో ఉండదు. ఆపైన మూతికి గుడ్డ కట్టుకొని రమ్మన్నది గవర్నమెంటే.

నాగేంద్రమ్మ పోయిన తీరు కూడా చెప్పాలి. ముందటి మే నెలలో జ్వరమొచ్చిందని మాల్యాద్రిని అదే బడిలో పది రోజులు విడిగా పెట్టారు. ఆయన లోపల ఉండగానే ఇంట్లో ఆమెకు ఆయాసం మొదలై, అంబులెన్సు ఇంకా దారిలో ఉండగానే ప్రాణం పోయింది. పరీక్ష చెయ్యలేదు కాబట్టి కరోనా లెక్కలోకి ఎక్కలేదు. ఆ రోజుల్లో గడప దాటి పోయి రాయించే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి చావు లెక్కలోకీ ఎక్కలేదు. ప్లాస్టిక్ తొడుగుల్లో నలుగురు వచ్చి పూడ్చిపెట్టి పోయారు. మాల్యాద్రి ఇంటికొచ్చేసరికి మిగిలింది ఒక మట్టిదిబ్బ, ఆమె సాకిన ఇరవై మూడు మేకలు.

సూది వేసిన సాయంత్రమే మాల్యాద్రి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఇంట్లో అందరి కార్డులకూ ఆయన నంబరే. నాగేంద్రమ్మ గారూ, మీకు మొదటి డోసు విజయవంతంగా వేశాము, రెండోది ఎనభై నాలుగు రోజులకు అని దాని సారాంశం. ఆయన దాన్ని అంగడి కాడ ఒకరితో, పంచాయతీ కాడ ఒకరితో, మొత్తం ముగ్గురితో చదివించుకొని ఇంటికొచ్చాడు. రాఘవమ్మ తిట్లకు సిద్ధపడి, జరిగిందంతా ఒప్పేసుకుంది. ఆయన తిట్టలేదు. కాసేపు ఫోన్ వైపే చూసి మెల్లగా అడిగాడు.

"చెయ్యి నొప్పిగా ఉండాదంటనా ఆమెకు?"

నాకా బావా అని అడగబోయి రాఘవమ్మ ఊరుకుంది. ఆయన ఫోన్‌కు ఛార్జింగు పెట్టడానికి లోపలికి పోయాడు.

ఆ రోజు నుంచి ఆయనలో మార్పు వచ్చింది. ఎనిమిది నెలలుగా పెంచిన గడ్డం గీయించుకున్నాడు. నాగేంద్రమ్మ గారూ అంటూ వారానికోసారి వచ్చే రికార్డు ఫోన్‌ను, దానికి మనిషి మాట వినపడదని తెలిసినా, ఆఁ ఆఁ అని ఊకొడుతూ చివరిదాకా వినేవాడు. అన్నానికి కూర్చుంటే పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చునేవాడు.

ఊళ్లో సూది వేయించుకున్నవాళ్లందరికీ ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చి పోయాయి. సొంత పేరుతో వేయించుకున్నవాళ్లు ఒక మాత్ర మింగి కూలికి పోయారు. రాఘవమ్మ జ్వరమూ పోయింది. చెయ్యి మాత్రం ఆమెకు తిరిగి రాలేదు.

నొప్పి కాదు. నాలుగోరోజు పొద్దున మేకను గుంజకు కట్టి చూసుకుంటే ముడి తిరగబడి ఉంది. ఆ ముడి వేసే మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. నాగేంద్రమ్మ ఎడంచేతి మనిషి. పెళ్లిళ్లలో ఆమెను వడ్డనకు రానిచ్చేవాళ్లు కాదు. అది చూసి నవ్వినవాళ్లలో రాఘవమ్మే ముందు. ఇప్పుడు రాఘవమ్మ ఎడమచెయ్యి ఆమెను అడక్కుండానే గరిటె అందుకునేది, చీపురు అందుకునేది, తలుపు గడియ తీసేది. అన్నిటికంటే మేకల దగ్గరే భయమేసింది. నాగేంద్రమ్మ పోయినప్పటి నుంచి అవి రాఘవమ్మను దగ్గరికి రానిచ్చేవి కాదు, పాలకు కూర్చుంటే తన్నేవి. ఇప్పుడు ఆ చెయ్యి చాపితే చాలు, మేత వదిలేసి ఒక్కొక్కటే వచ్చి అరచేతిలో మూతి పెట్టి తలెత్తి చూసేవి. రాఘవమ్మ మొహం వైపు కాదు. ఆమె ఎడమ భుజానికి కాస్త పైన, గాలిలోకి.

కంభంలో డాక్టరుకు చూపిస్తే నరాల నీరసమని బలానికి మాత్రలిచ్చాడు. మాత్రలు మంచివే. చెయ్యికి ఇంకా బలమొచ్చింది.

ఒకరోజు పాపయ్య కంచంలో సంగటి ముద్ద ఎడంచేత్తో పడితే ఆయనకు కోపమొచ్చింది. పెట్టేది కుడిచేత్తో పెట్టరాదా, ఇంట్లో ఒక ఎడంచెయ్యి, అని అంతటితో ఆగి, ముద్ద వైపే చూస్తూ తిన్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఆమెను పేరు పెట్టి పిలవడం కూడా తగ్గించాడు.

ఉగాది దాటగానే జిల్లాను చీల్చారు. కందుకూరును ఒకరికి, అద్దంకిని ఒకరికి ఇచ్చి, వీళ్లను మాత్రం ప్రకాశంలోనే ఉంచారు. ఒంగోలు ఎంత దూరముండేదో అంతే దూరం ఉండిపోయింది. జిల్లాకు కొత్త లెక్కలు మొదలయ్యాయి కాబట్టి మిగిలిపోయిన రెండో డోసులన్నీ పూర్తి చేసి చూపించాలని సీతారత్నానికి పైనుంచి ఒకటే ఒత్తిడి. ఒక మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా లేని వేళ, ఆమె రిజిస్టరు పట్టుకొని వచ్చి వాకిట్లో నిలబడి పిలిచింది.

"నాగేంద్రమ్మా. ఓ నాగేంద్రమ్మా."

ఏడాదిగా ఆ వాకిట్లో ఎవరూ ఎత్తని పేరు. వంటింట్లో రాఘవమ్మ చేతిలో చెంబు జారింది. ఏ చేతిలోదో చెప్పనక్కరలేదు. దొడ్లో మేకలన్నీ ఒక్కసారిగా నమలడం ఆపాయి. ఆ నిశ్శబ్దంలో అరుగు మీదినుంచి మాల్యాద్రి గొంతు వినిపించింది, సాదాగా, రోజూ చెప్పే మాట చెప్పినట్టు.

"లోపలుండాది నర్సమ్మా, పనిలో ఉండాది. ఎప్పుడు రావాలో చెప్పు, పంపిస్తా."

వచ్చే బుధవారమని చెప్పి సీతారత్నం పోయింది.

రాఘవమ్మ ఆ పూటే ఒక నిర్ణయానికి వచ్చింది. అక్క చావును చావుగా రాయించాలి. బుధవారం తన పేరుతో తాను సూది వేయించుకోవాలి. అక్క పేరు అక్కతో పోతే తన చెయ్యి తనకు వస్తుంది. రెండేళ్లలో రాలిపోతే పోనీ, రాలేది తానై ఉంటే చాలు. విచారిస్తే, పోయినామె మొగుడు వేలిముద్ర వేసి, ఇద్దరు సాక్షులుంటే పని జరుగుతుందన్నారు. కాగితం రాయించి తెచ్చి మాల్యాద్రి ముందు పెట్టింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"నేను చూసినానా రాఘవమ్మా, ఆమె పోవడం?"

"ఊరంతా చూసింది గదా బావా."

"ఆ పొద్దు బడిలోనుంచి అడిగితే, చచ్చిపోయినోళ్ల లిస్టులో ఆ పేరు లేదన్నారు. ఇప్పుడు బతికుండేటోళ్ల లిస్టులో ఉండాదంటున్నారు. రెండుసార్లూ ఒకటే మాట." ఆయన చిన్నగా నవ్వాడు. "గవర్నమెంటు ఇంత నిలకడగా ఇంకేదన్నా చెప్పిందా?"

"అట్లయితే నేనేం కావాల బావా? ఇది నా చెయ్యి."

ఆయన ఆ చేతివైపు చూశాడు. తమ్ముడి పెళ్లాం చేతిని చూసే చూపు కాదది. రాఘవమ్మ గబుక్కున కొంగు కింద దాచుకుంది. కొంగు కింద అది ఊరుకోలేదు. తమలపాకుకు సున్నం రాస్తున్నట్టు వేళ్లు మెల్లగా కదులుతూనే ఉన్నాయి. రాఘవమ్మ జన్మలో వక్కాకు వేసి ఎరగదు.

బుధవారం పొద్దున ఆమె తన ఆధార్ కార్డు జాకెట్లో దోపుకొని, దారి పొడుగునా తన పేరు తనే అనుకుంటూ బడికి పోయింది. ఈసారి ఒకరి పేరుతో ఒకరు వస్తున్నారని, పింఛన్లకు వాడే వేలిముద్ర మిషన్ తెచ్చిపెట్టారు. అది చూసి రాఘవమ్మకు ప్రాణం లేచొచ్చింది. మనుషులు పొరపడొచ్చు. మిషన్‌కు తన వేలు తెలుసు.

కుడి బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. ఎర్ర లైటు. తాళ్లు లాగి లాగి అరిగిపోయుంటుందిలే, ఇక్కడ అందరిదీ ఇదే గోల అని సీతారత్నం ఓదార్చి, ఆ చెయ్యి పెట్టక్కా అంది. పెట్టనంది రాఘవమ్మ. ఆమె పెట్టనంటూ ఉండగానే చెయ్యి పోయి పెట్టింది.

పచ్చ లైటు వెలిగింది.

"ఏంది నాగేంద్రమ్మక్కా, ఇంతసేపు ఆడించినావు," అని నవ్వింది సీతారత్నం.

నేను రాఘవమ్మనని కార్డు తీసి చూపించింది. సీతారత్నం కార్డునూ మొహాన్నీ మార్చి మార్చి చూసింది. ఫొటో ఎవరి పోలికలోనూ లేదు. వెనక వరసలో ఉన్నవాళ్లను అడగమంది రాఘవమ్మ. వాళ్లంతా ఆమెను కాపురానికి వచ్చిన నాటినుంచి ఎరిగినవాళ్లే. మూతిగుడ్డల పైన వాళ్ల కళ్లు ఆమె ఎడంచేతి మీదే నిలిచిపోయాయి. వరస చివర్నుంచి మాల్యాద్రి మాత్రం, వెయ్యమ్మా, ఎండ ముదురుతాంది, ఆమె మళ్లీ మేకలకాడికి పోవాల అన్నాడు.

సూది పడింది. నొప్పి తెలియలేదు. తెలియాల్సింది తనకు కాదేమో అనిపించింది. అరగంట బెంచీ మీద కూర్చోమన్నారు. ఈలోపల మాల్యాద్రి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఈసారి ఎవరితోనూ చదివించుకోకుండా జేబులో పెట్టుకొని, ఇంటికి పోకుండా వేపచెట్టు నీడన ఎవరికోసమో ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

అరగంట కాగానే రాఘవమ్మ మళ్లీ బల్ల దగ్గరికి పోయింది. ఆమెది అయిపోయింది గదా, ఇప్పుడు రాఘవమ్మకు వెయ్యి అని అడిగింది. నాకు అనబోయి అట్ల వచ్చింది మాట. సీతారత్నం విసుక్కోలేదు. రిజిస్టరు తిరగేసి, ఆ ఇంటి వరస మీద వేలు పెట్టి, నిజమే, రాఘవమ్మకు ఒక్క డోసు కూడా పడలేదని ఒప్పుకుంది.

"ఇంట్లో ఉంటే పిలుచుకరాపో అక్కా. మా బండి పోయేలోపల వచ్చిందంటే వేసేస్తా."

సరేనని బయల్దేరింది. ఎండకు వీధంతా ఖాళీ. ఇల్లు చేరి, వాకిట్లోనే నిలబడి లోపలికి పిలిచింది.

"రాఘవమ్మా."

ఎవరూ పలకలేదు. దొడ్లో మేకలకు మండలు కొట్టి వేస్తున్న పాపయ్య తలెత్తి చూశాడు. కొడవలి పక్కన పెట్టి, ఎత్తి కట్టిన పంచె దించుకొని, మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడే బడికాడికి పోయింది వదినా," అన్నాడు.