ఆమె తరఫున

"ఈ నెల బాగానే ఉందండీ. వంటలో ఉప్పు మర్చిపోవడం లేదు" అన్నాడు భర్త.

డాక్టరు తల ఊపి రాసుకున్నాడు. ఆమె భర్తకు కొంచెం వెనగ్గా, గోడవారన ఉన్న కుర్చీలో కూర్చుని వింటోంది. డాక్టరు బల్లకు ఎదురుగా ఉండే కుర్చీ ఒక్కటే. మొదటిసారి వచ్చినప్పుడు ఆమె మాట్లాడే స్థితిలో లేదని అందులో భర్త కూర్చున్నాడు. తర్వాత అది ఆయన కుర్చీ అయిపోయింది.

"నిద్ర?"

"దివ్యంగా నిద్రపోతుందండీ. మా అమ్మ కేకేస్తే గానీ లేవదు."

"చిరాకూ, కోపం?"

"అబ్బే, నోట్లో నాలుక లేనట్టే ఉంటుంది ఇప్పుడు. మా అమ్మయితే ఈ బుద్ధి పెళ్లైన కొత్తలో ఉంటే ఎంత బాగుండేదీ అంటుంది." ఆయన నవ్వాడు. డాక్టరు కూడా మర్యాదకి నవ్వాడు.

డాక్టరు చెడ్డవాడేం కాదు. మెత్తగా మాట్లాడతాడు. కానీ బయట హాల్లో మనుషులు నిలబడడానికి చోటు లేకుండా ఉంటారు. గబగబా తేటగా చెప్పేవాళ్ల మాట ఆయన వింటాడు. ఆమె భర్తకి కళ్లద్దాల కొట్టుంది. రోజంతా మనుషులతో మాట్లాడే మనిషి. చెప్పడం ఆయనకు బాగా వచ్చు.

"అయితే ఇవే వాడదాం. చేతులు వణుకుతున్నాయన్నారు కదా, దానికొక చిన్నది కలుపుతున్నాను" అన్నాడు డాక్టరు. చీటీ భర్త చేతికిచ్చాడు.

ఇదంతా ఎలా మొదలైందని ఎవరైనా అడిగితే ఇంట్లో అందరూ "ఆ బాత్‌రూమ్ గొడవప్పుడు" అంటారు. అప్పుడు అత్తగారు తుంటి ఎముక విరిగి మంచం మీద ఉంది. పొద్దున్నే అత్తగారికి ఒళ్లు తుడిచి, పక్కబట్టలు మార్చి, వంట చేసి, కూతుర్ని బడికి పంపి, ఆమె కొట్టుకి వెళ్లేది. కొట్టు వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేది. ఆ పని ఆమె పెళ్లయ్యాకే నేర్చుకుంది, భర్త కంటే నేర్పుగా చేసేది. "మా ఆవిడకి ఇంట్లో తోచదండీ, ఊరికే వస్తుంటుంది" అని భర్త కొనడానికొచ్చినవాళ్లకి చెప్పేవాడు. మధ్యాహ్నం మళ్లీ ఇంటికి, అత్తగారికి అన్నం తినిపించడానికి. మళ్లీ కొట్టుకి. అలాంటి ఒక మధ్యాహ్నం ఆమె పొయ్యి మీద నీళ్లు పెట్టి, పెట్టిన సంగతి మర్చిపోయి, బాత్‌రూమ్‌లోకి వెళ్లి గడియ వేసుకుని, కుళాయి తిప్పి, నేల మీద కూర్చుంది. బకెట్టు నిండింది, పొర్లింది, నీళ్లు తలుపు కిందనుంచి హాల్లోకి వచ్చాయి. మంచం మీంచి అత్తగారు అరుస్తోంది. కొట్లోంచి భర్త పరుగెత్తుకొచ్చాడు. తలుపు బద్దలుకొడతానన్నాడు.

"ఏమీ కాలేదు. కాసేపు కూర్చుంటాను" అంది ఆమె లోపల్నించి.

అది నిజం. ఆమెకు కావలసింది కాసేపు కూర్చోవడమే. ఆ మాట ఎవరూ నమ్మలేదు.

మొదట నిద్రమాత్ర ఇచ్చారు. నిద్ర పట్టింది, మరీ పట్టింది. పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి కునికితే, అవి పొంగిపోయి పొయ్యి ఆరిపోయినా మెలకువ రాలేదు. "ఇల్లు తగలబెట్టేలా ఉంది తల్లీ" అని అత్తగారంటే, పగలు హుషారుగా ఉండడానికి ఇంకో మాత్ర వచ్చింది. దాంతో గుండె దడదడలాడేది, మాటకి ముందు కసురుకునేది. "మళ్లీ నోరు లేస్తోందండీ" అని భర్త చెబితే పసుప్పచ్చ మాత్ర వచ్చింది. ఆ పసుప్పచ్చదానితో అంతా చల్లబడింది. చేతులు మాత్రం వణికేవి, బిగిస్తున్న అద్దం జారి పగిలేది. అందుకని ఇప్పుడు ఇంకొకటి. ఆమె బరువు పెరిగింది. "మందులు బాగా వంటబట్టాయి" అని ఆడపడుచు నవ్వింది. ఒక్కో మాత్ర వెనకా ఎవరిదో ఒకరి ఇబ్బంది ఉంది. వచ్చిన మాత్ర ఏదీ తిరిగి వెళ్లలేదు.

ఒకసారి ఆమె వెనక కుర్చీలోంచి ముందుకు వంగి, "నా జబ్బు పేరేంటండీ?" అని అడిగింది. అంతకుముందు ఒకసారి డిప్రెషన్ లాంటిదన్నాడు డాక్టరు, ఇంకోసారి యాంగ్జయిటీ కావచ్చన్నాడు, మరోసారి నరాల నీరసం అనుకోండి అన్నాడు. ఈసారి ఆయన ఆమె భర్త వైపు చూసి నవ్వాడు. "పేరు తెలిస్తే భయమెక్కువవుతుంది. తగ్గుతోందా లేదా, అది చూద్దాం."

బయటికి రాగానే భర్త అన్నాడు, "పరువు తీశావు. అంత చదువుకున్నాయనకి తెలీదా? నీకు చెప్పాలా?"

మధ్యలో ఒకసారి మందుల కొట్లో సరుకు రాక మాత్రలు దొరకలేదు. ఆమెకు తల తిప్పితే కళ్ల వెనక కరెంటు పాకినట్టయ్యేది, ఒళ్లంతా చెమటలు, వాంతులు. అత్తగారు గుమ్మంలో కర్ర ఊతంగా నిలబడి చూసింది. అప్పటికే ఆవిడ ఎముక అతుక్కుని నడుస్తోంది. "చూశావా, మందు ఆగితే ఎలా అయిపోయావో? జబ్బు లేదన్నావుగా?" అంది. అది నిజమే కాబోలనుకుంది ఆమె. ఏదైనా నిజమే కాబోలనుకోవడం అప్పటికి సులువైపోయింది.

బాధగా ఉంటుందా అంటే, ఉండదు. పక్కింట్లో టీవీ మోగుతున్నట్టుండేది. గోడ అవతల ఎవరో ఏడుస్తున్నారనో నవ్వుతున్నారనో తెలుస్తుంది, మాటలు తెలియవు, లేచి వెళ్లి వినాలనిపించదు. అన్నం తింటే నోట్లో అన్నం ఉన్నట్టు తెలిసేది, అంతే. కూతురు కబుర్లు చెబుతుంటే పెదవులు కదలడం చూసేది. ఆ పిల్లకి ఇంటర్ చివరి ఏడాది. నోరు మూతపడదని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. "అమ్మా, వింటున్నావా?" అంటే "ఆఁ" అనేది. కొన్నాళ్లకి పిచ్చుక ఆ ప్రశ్న అడగడం మానేసింది.

ఒకరోజు కొట్టుకి ఒక పెద్దాయన్ని కోడలు తీసుకొచ్చింది. భర్త ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పరీక్ష ఫ్రేము పెట్టి, అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని అడుగుతున్నాడు. ఆయన ఆలోచించేలోపే కోడలు "ఇదేనండీ, ఇదే బాగుంది" అంటోంది. మూడోసారికి భర్త విసుక్కున్నాడు. "అమ్మా, మీరు కాసేపాగండి. కనబడాల్సింది ఆయనకి. ఆయనే చెప్పాలి."

వెనక గదిలో ఆమె స్క్రూ బిగిస్తోంది. మాట చెవిన పడింది. చేతిలో పని ఆగలేదు. ఇంటికెళ్లి, గిన్నెలు తోమి, బట్టలు మడతపెడుతుండగా ఆ మాట అప్పుడు చేరినట్టు, చేతిలో చొక్కా పట్టుకుని నిలబడిపోయింది. కోపం వస్తుందేమోనని చూసింది. రాలేదు. చొక్కా మడతపెట్టింది.

పిచ్చుక ఏడ్చింది ఒక ఆదివారం. చిన్నప్పటినుంచీ కలిసి తిరిగిన స్నేహితురాలు కాలేజీలో అందరి ముందూ ఏదో అని, మాట్లాడడం మానేసిందట. పొద్దున్నుంచీ మంచం మీద బోర్లాపడి ఏడుస్తూనే ఉంది. ఆమె కొట్టులో ఉంది. తిరిగొచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పిచ్చుక నోరు తెరుచుకుని నిద్రపోతోంది. దిండు మీద చొంగ.

"ఇప్పుడు నయం. నీ పసుప్పచ్చది సగం వేశాను" అంది అత్తగారు, కూరగాయలు తరుగుతూ.

"నా మాత్రా, అత్తయ్యా?"

"సగమే లేవమ్మా, పిల్లని చంపుకుంటానా? నీకు పనిచేసింది కదా. మీ ఇద్దరిదీ ఒకటే ధోరణి."

ఆమె కూతురి పక్కన కూర్చుని, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి చూసింది. పిలిచింది. కదిపింది. చివరికి సాయంత్రానికి పిచ్చుక కళ్లు తెరిచింది. చూపు గోడ మీదే ఉంది. మాటలు ముద్దగా వచ్చాయి.

"అమ్మా, ఏడుపు పోయింది. ఎందుకేడ్చానో తెలుసు గానీ... ఏమీ అనిపించట్లేదు. బావుందిలే ఇలా."

ఆ గొంతు ఆమెకు తెలుసు. రోజూ తన నోట్లోంచి వచ్చే గొంతే అది.

రాత్రి అన్నాల దగ్గర భర్త అన్నాడు, "ఎలాగూ నిన్ను తీసుకెళ్తున్నాగా, దాన్నీ ఒకసారి చూపిద్దాం. పరీక్షలు దగ్గరకొస్తున్నాయి. ఏదన్నా రాస్తాడు."

ఆమె మళ్లీ కోపం కోసం ఎదురుచూసింది. తట్టి పిలిచినా లేవని మనిషిలా అది ఎక్కడో పడి ఉంది. రాకపోతే మానె, అది లేకుండానే చెయ్యాలి అనుకుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇష్టం లేకుండా, ఓపిక లేకుండా, నిద్ర లేకుండా ఎన్ని పనులు చెయ్యలేదు? ఇదీ అలాగే. మందుల డబ్బా బీరువాలో పెట్టి తాళం చెవి కొంగున ముడేసుకుంది.

ఆస్పత్రి హాల్లో వాళ్ల వంతు వచ్చినప్పుడు ఆమె కూతురి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. "నువ్విక్కడే ఉండు. ఎవరు పిలిచినా లోపలికి రాకు."

"అదేంటి, దానికోసమేగా..." అంటున్నాడు భర్త. ఆమె అప్పటికే తలుపు తీసుకుని వెళ్లి బల్లకెదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. భర్త వెనకే వచ్చి గోడవారన ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

డాక్టరు ఆమె భుజం మీదుగా ఆయన వైపు చూశాడు. "చెప్పండి."

"నేను చెప్తానండీ" అంది ఆమె. "మా అమ్మాయి స్నేహితురాలితో మాటలు పోయి ఏడ్చింది. దానికి ఏ జబ్బూ లేదు. మా అత్తగారు నా మాత్ర సగం దానికి వేశారు."

డాక్టరు ఉలిక్కిపడ్డాడు. "ఒకరి మందు ఇంకొకరికా? అందులోనూ చిన్నపిల్లకి! మనిషిని అడక్కుండా, చూడకుండా అలా ఎలా ఇస్తారండీ?"

"నన్నూ ఎవరూ అడగలేదండీ" అంది ఆమె.

గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే ఆయన సర్దిచెప్పేవాడేమో. లేకపోవడంతో కలం మూత పెట్టి, మళ్లీ తీశాడు.

"నాకేం జబ్బో చెప్పండి. తెలీకపోతే తెలీదని చెప్పండి. ఈ మందులు తగ్గించండి. ఒకేసారి వద్దు, ఒళ్లు తట్టుకోదు, అది నేను చూశాను. ఒక్కొక్కటీ, మీరు చెప్పినట్టే."

డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "సరే. మీకున్న బాధ ఏంటో మీ మాటల్లో చెప్పండి."

ఆమె నోరు తెరిచింది. దారంతా మాటలు కూర్చుకుంటూనే వచ్చింది. తీరా చూస్తే నోట్లో ఉన్నవన్నీ వేరేవాళ్లవి. నిద్ర సంగతి అత్తగారిది. వణుకు సంగతి కొట్టుది. ఉప్పు సంగతి ఆయనది. తనదంటూ ఒక్క ముక్క కోసం వెతుక్కుంటూ ఆమె బల్ల అంచు పట్టుకుంది.

వెనకనుంచి భర్త చిన్నగా నవ్వాడు. "చెప్పడానికేం లేదండీ, అదే మీకు చెప్పబోయేది. మందులు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. మొన్న చలికాలంలో వాళ్లమ్మ పోయింది. మీరు నమ్మరు, ఒక్క చుక్క కంటనీరు పెట్టలేదు. వచ్చినవాళ్లందరికీ టీలు కూడా తనే ఇచ్చింది. ఇంత బాగున్న మనిషికి తగ్గించడం ఎందుకండీ?"

ఆ రోజు ఆమె అమ్మ తలదగ్గర కూర్చుని అమ్మ చెవి చూసింది. చెవి తమ్మెకు దుద్దు కోసం కుట్టిన చోట రంధ్రం సాగి ఉంది. ఇది మా అమ్మ చెవి అనుకుంది. ఆ తర్వాత ఏదో రావాలి, వస్తుంది అనుకుంది. చాలాసేపు చూసింది. ఎవరో టీకి నీళ్లు మరిగాయంటే లేచి వెళ్లింది.

డాక్టరు రాయడం లేదు. ఆమె వైపు చూస్తున్నాడు.

"ఇన్నేళ్లుగా ఆయన నా గురించి మీకు చెప్పినవాటిలో జబ్బంటే అదొక్కటేనండీ" అంది ఆమె. "అది రాసుకోండి."