చూరుకి తెల్ల లాంతరు

కాగితం లాంతర్ల పని నేర్చుకుంటామని వచ్చే విదేశీయులంటే నాకు పెద్దగా గిట్టదు. కాసేపు కూర్చుంటారు, జుట్టుకి జిగురు పూసుకుంటారు, పోతారు. కానీ నా కొడుకు తెత్సురో సముద్రంలోకి వెళ్లి, పడవతో సహా కనిపించకుండా పోయాక మా ఇల్లు గడిచేది వాళ్లవల్లే.

శవం దొరకలేదు. అందుకే వాడు పోయాడంటే కోడలు చిగుసా ఒప్పుకోదు. ప్రయాణంలో ఉన్న మనిషికి పెట్టినట్టు, రోజూ భోజనాల బల్ల మీద వాడి అన్నం గిన్నె పెడుతుంది. ఇంతలో ఒబోన్ పండగ వచ్చేసింది. పోయినవాళ్లు మొదటిసారి ఇంటికొచ్చే ఒబోన్‌కి చూరుకి తెల్ల లాంతరు కట్టాలి. లేకపోతే వాళ్లకి ఇల్లు ఆనవాలు దొరకదు.

"కట్టనివ్వవే తల్లీ," అన్నాను.

"బతికున్న మనిషికి కడతారా అత్తయ్యా? ఆయన అడుగుల చప్పుడు మీకూ వినపడుతోందిగా!"

వినపడుతోంది. నా భయమూ అదే. పొద్దు వాలగానే రేవు నుంచి రబ్బరు బూట్లు చప్పుడు చేసుకుంటూ వస్తాయి. మా గుమ్మం దాటి, ఆగకుండా పోతాయి. తలుపు తీస్తే నేల మీద తడి తప్ప ఏమీ ఉండదు.

పండగ మొదటిరోజు సాయంత్రం నార్వే నుంచి సిల్యె అనే పిల్ల వచ్చింది. వెదురు చుట్టలకి కాగితం ముడతల్లేకుండా అంటించింది. రంగులిస్తే వద్దంది.

"తెల్లగానే బాగుంది బామ్మగారూ."

నేను టీ పెట్టుకొచ్చేసరికి దాన్ని చూరుకి తగిలించి, అందం చూద్దామని లోపల దీపం కూడా పెట్టేసింది.

పక్కింటి ఫుసాయె అగరొత్తుల డబ్బాతో పరిగెత్తుకొచ్చింది. "ఇన్నాళ్లకి ఒప్పుకున్నారా వదినా!" అని గుమ్మంలోనే ఏడుపు అందుకుంది.

చిగుసా బయటికొచ్చి చూసి, స్టూలు లాక్కుని ఎక్కి, విప్పెయ్యడానికి లాంతరు మీద చెయ్యి వేసింది. "ఎవరు కట్టమన్నారు దీన్ని?" సిల్యె బిక్కచచ్చిపోయింది.

అప్పుడే బూట్ల చప్పుడు. ఫుసాయె గుమ్మంలోంచి పక్కకి జరిగింది. చప్పుడు గుమ్మం ముందుకొచ్చి, మొదటిసారి, ఆగింది. మెట్టు మీద నీళ్లు మడుగు కట్టాయి. ఒక బూటు విప్పి పక్కన పెట్టిన చప్పుడు. తర్వాత రెండోది.

చిగుసా లాంతరు మీది చెయ్యి తీసేసింది.

"ఇంత ఆలస్యమా?" అంది, ఎప్పుడూ మొగుణ్ణి దెప్పినట్టే.

లోపలికెళ్లి బల్ల మీది గిన్నె తీసింది. పోయినవాళ్లకి పెట్టే పీఠం ముందుంచి, "చల్లారకముందే తినండి," అంది.

ఇన్నాళ్లూ ఒప్పుకోనిది కోడలొక్కతే అనుకున్నాను. ఆ గిన్నెని అక్కడ చూశాక, అరుగు మీద కూలబడి, కొడుకు పోయాడని మొదటిసారి ఏడ్చాను.