సెల్లార్‌లో సినిమా కబుర్లు

నేను ఒక కారుని. నలుగురు సర్దుకుని కూర్చుంటే ఐదో మనిషికి మొహమాటం కలిగేంత చిన్నదాన్ని. చెన్నై దారిలో ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. తలుపులు బిగించిందీ, రంగు పూసిందీ ఇనుప చేతులే. మనిషి చెయ్యి తాకినట్టు నాకు మొదట గుర్తున్నది హైదరాబాదు షోరూములో. అది కళావతి చెయ్యి. ఆమె భర్త నరహరి మైలేజీ గురించి అడుగుతూ ఉంటే, ఆమె ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుని, "బయటి చప్పుడు అస్సలు వినవడ్తలేదు" అంది. మెచ్చుకుందో, బెదిరిందో నాకు తెలియలేదు.

వాళ్లకి నా అవసరం ఇల్లు కొన్నాక పడింది. అంతవరకూ చిక్కడపల్లిలో ఒక అద్దె వాటాలో ఉండేవారు. ఆమె పాఠాలు చెప్పే బడి, కూరగాయల బండి, క్రాస్ రోడ్స్ సినిమా హాళ్లు, అన్నీ నడిచి వెళ్లేంత దూరమే. తర్వాత నగరం చివర కొల్లూరు అవతల, రింగు రోడ్డు పక్కన ఒక పెద్ద టవర్‌లో ఫ్లాటు కొన్నారు. బాల్కనీ నుంచి సూర్యాస్తమయం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. కొత్తిమీర కట్ట మాత్రం కనుచూపు మేరలో దొరకదు. చుట్టూ అన్నీ ఇలాంటి టవర్లే. మనుషులు ఇంత ఖర్చు పెట్టి ఇంత దూరం వచ్చి, మళ్లీ వెనక్కి పోవడానికి నా లాంటి వాళ్లని కొనుక్కుంటారు. మాకు అన్నం పెట్టే తెలివి అది, నేను తప్పు పట్టను.

మొదట్లో ప్రతి ఆదివారం మాల్‌లో సినిమాకి వెళ్లేవాళ్లం. వెళ్లేవాళ్లం అంటున్నాను గానీ, నేను ఒక్క సినిమా కూడా చూడలేదు. కింద చీకట్లో వాళ్లు వచ్చేదాకా నిలబడేదాన్ని. అయినా కథలన్నీ నాకు తెలుసు. ఇంటికి చేరేదాకా వాళ్లు పోట్లాడుకునేది వాటి గురించే.

"విలన్‌కి అంత ఫ్లాష్‌బ్యాక్ ఎందుకు? చెడ్డోడంటే చెడ్డోడే" అనేవాడు నరహరి.

"వాడు ఏడ్సిన సీనే సిన్మాల మంచిగున్నది. నీ హీరో ఏం జేసిండు, కార్లను గాల్లకు లేపుడు తప్ప?"

ఆ మాటకి నాకు సిగ్గేసేది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితేనే నా నడుము పట్టేసేది మరి. వాళ్లిద్దరూ కాలేజీలో కలిసి చదువుకున్నవాళ్లు. మాటకి మాట అప్పటి అలవాటు. అవే నాకు మంచి రోజులు.

తర్వాత నా ముందు అద్దం దగ్గర ఫోను పెట్టే స్టాండు వచ్చింది. అందులోంచి ఒక ఆడగొంతు కుడికి తిరగమంటే నరహరి కుడికి తిరిగేవాడు, ఎడమకి అంటే ఎడమకి. ఆ గొంతు మాట్లాడేటప్పుడు కళావతి సగంలో ఆగిపోవలసి వచ్చేది. ఆఫీసు ఫోన్లు కూడా నా స్పీకర్లలోకే వచ్చేవి. కొన్నాళ్లకి ఇంట్లో గోడంత టీవీ కొన్నారు. ఇక మాల్‌కి వెళ్లడం మానేశాం. ఆమె బడి కూడా మానేసింది, పోను రాను పూట గడిచిపోతోందని. నన్ను నడపడం నేర్చుకోమంటే, "ఆ రింగు రోడ్డు జూస్తేనే నా కాళ్లు వణుకుతయ్" అంది. కూతురు వరంగల్‌లో హాస్టల్లో ఉండేది. నరహరికి ఇంటి నుంచే పని. పొద్దంతా చెవులకి హెడ్‌ఫోన్లు, తలుపు దగ్గరగా వేసి మీటింగులు. ఆమె ఇంట్లో మెల్లగా నడవాలి, మెల్లగా మాట్లాడాలి. నేను సెల్లార్‌లో దుమ్ము పట్టి ఉండేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆమె నా దగ్గరికి వచ్చింది. మోచెయ్యి గీసుకుపోయి రక్తం వస్తోంది. సర్వీసు రోడ్డు మీద నడిచి కూరలకి వెళ్లిందట. ఫుట్‌పాత్ ఎక్కడా లేదు. నీళ్ల ట్యాంకర్ ఒకటి రాసుకుంటూ పోతే పక్కకి పడింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆమె వెనకే వచ్చాడు.

"నడిసి పోయిన్రా అమ్మా? ఆన్‌లైన్ల పెడితే ఇంటికే వస్తది గద" అన్నాడు పాపం, మంచికే.

అతను వెళ్లాక ఆమె నా తలుపు తీసి, ఎప్పుడూ కూర్చునే పక్క సీట్లో కూర్చుంది. మోచెయ్యి తుడుచుకుంది. తర్వాత ఉన్నట్టుండి, ముందురోజు టీవీలో చూసిన సినిమా గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఎవరికి? చుట్టూ స్తంభాలూ, కవర్లు కప్పిన కార్లూ తప్ప ఎవరూ లేరు. నాకే అనుకున్నాను. అలా అనుకోవడంలో ఎంత సంతోషం ఉందో చెప్పలేను.

ఆ తర్వాత తరచూ వచ్చేది. ఏ పాట అనవసరమో, ఏ నటి కళ్లతో అబద్ధం ఆడిందో, అన్నీ చెప్పేది. నడుమ ఆగి, ఎదుటివాళ్లు ఏదో అంటారన్నట్టు చూసేది. నాకు హారన్ ఉంది, లైట్లు ఉన్నాయి, స్పీకర్లు ఆరు ఉన్నాయి. ఆమెకి ఒక్క మాట బదులు చెప్పడానికి వాటిలో ఏదీ పనికిరాలేదు.

ఒకరోజు నెట్ పోయి మీటింగు ఆగిపోయింది. ఆమె ఇంట్లో కనిపించక నరహరి కిందకి వచ్చాడు. నా కిటికీ అద్దం కొంచెం దించి ఉంది. అతను వెనకే నిలబడి విన్నాడు. ఆమె చూసి గతుక్కుమంది.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

"ఎవ్వరితోని గాదు. నిన్నటి సిన్మా."

అతను డ్రైవర్ సీట్లోకి వచ్చి కూర్చున్నాడు. చెయ్యి అలవాటుగా స్టార్టు బటన్ దగ్గరకి వెళ్లి ఆగింది.

"చెప్పు. ఆ సిన్మాల తల్లి సంతకం ఎందుకు పెట్టలే? నాకైతే ఉత్త మొండితనం అనిపించింది."

"నువ్వు జూసినవా?"

"చూసిన. కొంచెం స్పీడు పెంచి."

"ఆమె ఊకె కూసున్న సీన్లన్నీ ఉరికించినవన్నట్టు. ఆ సీన్లల్లనే ఉన్నది ఎందుకు పెట్టలేదో."

అతను ఆమె వైపు తిరిగాడు. "నాతోని ఎందుకు చెప్పలే?" అన్నాడు.

"నీ చెవులు ఎప్పుడు ఖాళీగున్నయ్?"

అప్పుడు చూశాడు ఆమె మోచేతి మీద మచ్చ. మానిపోయి చాలా రోజులైంది. ఏమైందని అడిగాడు. ఆమె ట్యాంకర్ సంగతి చెప్పింది. "ఈడికొచ్చినంక నేను నడుసుడే మర్సిపోయిన" అంది, కోపం లేకుండా. అతను స్టీరింగ్ మీద తల ఆనించాడు. తర్వాత బయట చీకటి పడేదాకా ఆ తల్లి మొండిదా కాదా అని వాదించుకున్నారు. ఆమె గొంతు అంత గట్టిగా నేను ఏళ్లుగా వినలేదు. నా దగ్గర ఇన్నాళ్లు మాట్లాడిన గొంతు అది కాదు. సంతోషించాను. కాదనను, కొంచెం కడుపు కూడా మండింది.

ఆ తర్వాత వచ్చిన వేసవిలోనే ఫ్లాటు అద్దెకిచ్చి చిక్కడపల్లికి మారిపోయారు. "అందరు ఇటొస్తుంటే మీరు అటు పోతున్నరేంది?" అని నరహరి అక్క ఫోన్లో కేకలేసింది. ఆ గల్లీలో రెండు స్కూటర్లు ఎదురైతేనే ఒకటి ఆగాలి. నాకు చోటు లేదు. నన్ను ఒక డ్రైవింగ్ స్కూలుకి అమ్మేశారు.

అప్పగించే రోజు గల్లీ మొదట్లో నిలబెట్టారు. కళావతి నా లోపల ఉన్న గొడుగూ, చున్నీ తీసుకోవడానికి వచ్చింది. తీసుకుని దిగలేదు. పక్క సీట్లో సర్దుకుని కూర్చుంది.

"నిన్న ఇద్దరం నడిసి పోయి ఫస్ట్ షో చూసినం" అంది. "ఒక లాంచీల టికెట్లిచ్చే ఆడమనిషి కథ. ఒక ముసలాయన రోజు అవతలి ఒడ్డుకు టికెట్ కొంటడు. ఒడ్డు వస్తది, అందరు దిగుతరు, ఆయన దిగడు. మళ్ల అదే లాంచీల వాపసు వస్తడు. ఒకనాడు ఆమె పక్కన కూసోని అడుగుతది, ఎందుకు దిగవు తాతా అని. ఆయన ఏమన్నడో ఎర్కనా…"

అద్దం మీద ఎవరో తట్టారు. డ్రైవింగ్ స్కూలు ఆయన, తాళం కోసం. ఆమె నవ్వి, గొడుగు తీసుకుని దిగింది.

ఇప్పుడు రోజూ కొత్త కాళ్లు నా క్లచ్‌ని తొక్కుతాయి. భయపడే వాళ్లూ, తొందరపడే వాళ్లూ, అందరూ మంచివాళ్లే. పాఠం అయ్యాక కొందరు సినిమాల గురించి కూడా మాట్లాడుకుంటారు. లాంచీ అన్న మాట వినిపిస్తే ఇంజను సద్దు పెంచుకోవాలనిపిస్తుంది. ఆ ముసలాయన ఏమన్నాడో తెలుసుకోవాలని లేక కాదు. వేరే ఎవరైనా చెప్పేస్తే, ఆమె నాకు చెప్పవలసింది ఇక ఏమీ మిగలదని భయం.