ఖాళీ బండి పరీక్ష

సాలూరు నుంచి ఒడిశా కొండలెక్కే సుంకి ఘాట్ రోడ్డు మీద కాలిపోయిన గేరుబాక్సుని నేను. నేనెలా కాలిపోయానో సాలూరులో చెప్పుకునేది అబద్ధం. జరిగింది చెబుతాను. నమ్మడం, మానడం మీ ఇష్టం.

నన్ను చేసిన దేశంలో రోడ్లు నున్నగా ఉంటాయి. నలుగురు మనుషుల్నీ వాళ్ళ కుక్కనీ సముద్రం ఒడ్డుకి తిప్పి తీసుకురావడానికి నన్ను చేశారు. నేను ఆటోమేటిక్ రకం. నేనున్న బండిలో కాలితో క్లచ్ తొక్కే పని ఉండదు. నాలో తిరిగే నూనె ఒత్తిడికి పలచటి పళ్ళేలు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి, గేరు దానంతటదే పడుతుంది. ఆ నూనె మరిగిపోతే నా పని అయిపోయినట్టే. ఇంత చిన్న సంగతి.

నేనున్న జీపు ఎవడో తాగి గోడకి గుద్దాడు. జీపు తుక్కయింది, నేను మిగిలాను. చేతులు మారి మారి విశాఖ ఆటోనగర్లో ఒక పాత సామాన్ల కొట్టు చేరాను. నా పక్కన ఇంకో గేరుబాక్సు ఉండేది. నల్లగా, సొట్టలు పడి, నాకు ఒకటిన్నర రెట్లుండేది. బరువులు లాగే పికప్ లోంచి ఊడదీసింది. మా ఇద్దరికీ బోల్టు కన్నాలు ఒకటే. మా పోలిక అంతవరకే.

ఒక పొద్దున బావా బావమరుదులు వచ్చారు. బావ దాలినాయుడు, మాటకారి. బావమరిది తవిటినాయుడు లారీ డ్రైవరు. జాకీ జారి ఎడమ మోకాలు నలిగిపోయినప్పటినుంచి క్లచ్ తొక్కలేడు. సాలూరు లారీల ఊరు. అక్కడ క్లచ్ తొక్కలేనివాణ్ణి మనిషి కింద లెక్కెయ్యరు. గని కంపెనీ వేలంలో ఇద్దరూ కలిసి ఒక పెద్ద డీజిలు పికప్ కొన్నారు. దాని గేరుబాక్సు చచ్చింది. మంచి ఆటోమేటిక్ దొరికితే తవిటినాయుడు మళ్ళీ స్టీరింగు పడతాడు. లేదంటే బావ షెడ్డులో గ్రీజు పూసుకుంటూ బతకాలి.

తవిటినాయుడు నల్లదాని మీద చెయ్యి వేశాడు. “బావా, ఇదైతే బరువులు లాగిన సరుకంట. మనది ఘాట్ బండి గదా.”

“గేదె పుర్రెలాగ ఉంది. దీన్ని చూస్తే మీ అక్క ఇంట్లోకి రానివ్వదు.” దాలినాయుడు నా వైపు తిరిగాడు. “దానికి ఆరు గేర్లు, దీనికి ఎనిమిది. ఎనిమిది పెద్దదా, ఆరు పెద్దదా? మీ బళ్ళో అదీ చెప్పనేదేటిరా?”

కొట్టువాడు నవ్వి, నాకు బిల్లు రాశాడు. ఏది పోయినా వాడికి అమ్మకమే.

నన్ను బండికి బిగించి, ఖాళీ బండిని చదును రోడ్డు మీద నడిపి చూశారు. డాష్‌బోర్డు మీద నిండు టీ గ్లాసు పెట్టి, చుక్క ఒలకలేదని దాలినాయుడు మురిసిపోయాడు. సుంకి ఘాట్ ఎక్కే బండికి అది పరీక్షట. నూనె చల్లబరిచే చిన్న కూలరు ఒకటి విడిగా బిగిస్తే మేలని తవిటినాయుడు అన్నాడు.

“గేరుబాక్సుకి కూడా ఏసీ కావాలేటి?” అన్నాడు బావ. అక్కడితో ఆ మాట ముగిసింది.

మొదటి లోడు సిమెంటు బస్తాలు, ఘాట్ మీదుగా కొరాపుట్‌కి. తవిటినాయుడు తోలాడు. చాలాకాలానికి స్టీరింగు దొరికినవాడి ముఖం ఎలా ఉంటుందో నేనెరగను, నేను కిందుంటాను. యాక్సిలరేటరు మీద కాలు మాత్రం నెమ్మదిగా పడింది. మూడో మలుపు దాటగానే మాడు వాసన పసిగట్టి బండి ఆపేశాడు.

“నూనె మరిగిపోతంది బావా. చల్లారనీ.”

“అందరూ మనల్ని దాటుకుని పోతన్నారు. సిగ్గు నేదేటిరా? ఇటు జరుగు.”

దాలినాయుడు స్టీరింగు దగ్గరికొచ్చి, యాక్సిలరేటరు నేలకంటా తొక్కాడు. నా పళ్ళేలు జారాయి, మండాయి, అతుక్కుపోయాయి. ఏడో మలుపు దగ్గర నేను చచ్చాను. ఎనిమిది గేర్లూ ఒక్కసారే చచ్చాయి, ఒకటీ మిగల్లేదు.

బండిని తాడేసి షెడ్డుకి ఈడ్చుకొచ్చారు. నన్ను విప్పుతుంటే లారీలవాళ్ళు చుట్టూ మూగారు. నల్లటి నూనె కారింది.

“ఎవులు కాల్చినారు?” అని ఎవరో అడిగారు.

“ఇంకెవులు? మా బామ్మర్ది,” అన్నాడు దాలినాయుడు. “కాలు పోయినోడికి బండిచ్చాను. నా బుద్ధి గడ్డి తింది.”

అందరూ తవిటినాయుడి వైపు చూశారు. అతను వంగి నా బోల్టులు ఏరుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

వారం తిరక్కుండా నల్లది వచ్చింది. ఈసారి కూలరు కూడా వచ్చింది. కుంటివాడి కోసం కొన్న సౌఖ్యం రెండు కాళ్ళున్నవాడికి నచ్చింది. ఇప్పుడు దాలినాయుడే తోలుతున్నాడు, పనిలేని ఎడమ కాలు సీటు మీదికి మడుచుకుని. పక్కన తవిటినాయుడు క్లీనరు. బండి ఆగినప్పుడల్లా ఆ మోకాలితోనే దిగి చక్రాల కింద రాళ్ళు పెడతాడు.

నేను షెడ్డు మూల తుక్కులో ఉన్నాను. పొద్దున్నే వాళ్ళు వెళ్ళడం చూస్తుంటాను. నిజం ఊహించి, అక్క కాపురం కోసం ఊరుకున్నాడని జాలిపడేవాళ్ళూ ఒకరిద్దరున్నారు. నేను పడను. నేను ఇనుమును, నాకు నోరు లేదు. అతనికేం రోగం?