కనిగిరిలో అచ్చు మిషన్

మార్కాపురంలో పుస్తకాలు, పెన్నులు అమ్మే చిన్న దుకాణం కోటిరత్నానిది. భర్త పోయినాక పన్నెండేళ్లుగా ఒక్కతే నడుపుతున్నది. మూడేళ్ల కింద ఆమె ప్లాస్టిక్‌ను కరిగించి పొరలుపొరలుగా వస్తువు చేసే త్రీడీ ప్రింటర్ ఒకటి కొన్నది. ఎందుకని ఎవరన్నా అడిగితే, "మా అక్క చీరలు కొంటది, నేను ఇది కొన్నా" అనేది. ఫోన్లో వీడియోలు చూసి తనే నేర్చుకున్నది. మిక్సీ మీద తిప్పే బిళ్ల, ఊడిపోయిన కిటికీ గొళ్లెం ముక్క, ఎదురింటి పాప కళ్లజోడు డబ్బా మూత, ఏది విరిగినా తెమ్మనేది. దుకాణం వెనక గదిలో కొలతలు తీసి, అట్లాంటిదే చేసి ఇచ్చేది. దానికి డబ్బులు తీసుకునేది కాదు. అది ఆమె సరదా.

ఆ సరదా మాలకొండయ్య వల్ల మారిపోయింది. ఆయనది దొనకొండ దగ్గర పల్లె, మెట్ట సేద్యం. ప్రతి జూన్‌లో మనవరాలికి నోటు పుస్తకాలు కొనడానికి వచ్చేవాడు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగి ఆయన కీళ్లు బిగుసుకుపోయినాయి. ఒక ఏడు వచ్చినప్పుడు జేబులో చెయ్యి పెట్టినాడు గానీ నోట్లు పట్టుకోలేకపోయినాడు. "నువ్వే తీసుకో తల్లీ" అని జేబు చూపించినాడు.

"మరి అన్నం ఎట్ల తింటున్నావు పెద్దాయనా?" అని అడిగింది కోటిరత్నం.

"సుబ్బులమ్మ పెడతది" అన్నాడు నేల చూస్తూ. సుబ్బులమ్మ ఆయన భార్య.

కోటిరత్నం ఆయన్ని కూర్చోబెట్టి అరచెయ్యి, వేళ్ల వంపు కొలిచింది. వారం తర్వాత లావుపాటి పిడి ఒకటి చేసి పంపింది. అందులో స్పూన్ దూర్చుకోవచ్చు. పిడి ఆయన వేళ్లు ఎట్ల వంగి ఉన్నాయో అట్లనే వంగి ఉంటుంది. నెల తిరిగేసరికి మాలకొండయ్య తన ఊరి వాళ్లను నలుగుర్ని వెంటబెట్టుకొని వచ్చినాడు. ఆ నలుగురి తర్వాత ఇంకొందరు. దీపావళికి పిడి కావాలన్న వాళ్ల పేర్ల చీటీలో ఇరవై ముగ్గురున్నారు.

ఒక్క పిడికి ప్రింటర్ ఆరు గంటలు తీసుకునేది. మధ్యలో కరెంటు పోతే అంతా వృథా. అట్లాంటప్పుడే బల్ల మీద పెట్టుకునే మోల్డింగ్ మిషన్ గురించి ఫోన్లో చూసింది. ప్లాస్టిక్ గింజలు పోస్తే కరిగించి అచ్చులోకి నెడుతుంది. నిమిషంలో వస్తువు బయటికొస్తుంది. కొత్తది మూడున్నర లక్షలు. కనిగిరిలో ఒకాయన తన మిషన్ అమ్ముతానని ప్రకటన పెట్టినాడు, అది రెండు లక్షలు.

శేషాద్రి ఆ వీధిలోనే ఉంటాడు. గిద్దలూరులో ఐటీఐ పిల్లలకు ఫిట్టర్ పని నేర్పి రిటైరైనాడు. రోజూ పొద్దున పేపరు చదవడానికి ఆమె దుకాణానికి వస్తాడు. ఆమె ఒకరోజు ఆయన ముందు రెండు అల్యూమినియం దిమ్మెలు పెట్టింది. రెంటినీ కలిపితే మధ్యలో పిడి ఆకారం ఖాళీగా ఉంది.

"ఇదేందమ్మా?"

"అచ్చు. హైదరాబాదులో చేయించినా. నెల పట్టింది."

"మిషన్ లేకుండానే అచ్చు చేయించినావా?"

"కనిగిరి పోతే దీన్ని పెట్టి చూద్దామని. నువ్వు నాతో రా, అన్నా. చూసి, కొనాలో వద్దో చెప్పు. నేను ఒకరి మాట వినే మనిషిని కాదని నీకు తెలుసు. అయినా చెప్పు."

ఆదివారం కారు మాట్లాడుకొని ఇద్దరూ పోయినారు.

కనిగిరి ఆయన పేరు ఉమామహేశ్వర్లు. నలభై ఏళ్లుంటాయి, ఎరువుల దుకాణం ఉంది. మిషన్ మేడ మీద గదిలో, దుప్పటి కప్పి ఉంది. దుప్పటి తీసినప్పుడు ఆయన ముఖంలో కొంచెం సిగ్గు కనిపించింది. చిన్న రైలింజన్ బొమ్మలు చేసుకుందామని కొన్నాడట. షెల్ఫు నిండా ఒకటే రకం చక్రాలున్నాయి, రెండు మూడు వందలు. ఇంజన్ మాత్రం ఒక్కటీ లేదు.

అచ్చు బిగించినారు. మొదటి నాలుగు పిడులు చెడిపోయినాయి. ఒకటి సగమే నిండింది, ఇంకొకటి అంచుల్లో రేకులాగా పొంగింది. వేడి పెంచి, ఒత్తిడి తగ్గించి చూసినారు. ఐదోది నున్నగా, గట్టిగా, దుకాణంలో కొన్నట్టు వచ్చింది. తర్వాత నిమిషానికొకటి. కోటిరత్నం ఒక్కొక్కదాన్నీ వేడిగా ఉండగానే అందుకొని చెంపకు ఆనించుకొని చూసింది. పన్నెండు పిడులు అయ్యేసరికి ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగినాయి.

"ఆరు గంటలు, అన్నా. ఒక్కదానికి ఆరు గంటలు కూర్చున్నా నేను."

శేషాద్రి తలూపినాడు. పిడి ఒకటి చేత్తో వంచి చూసినాడు. ప్రింటర్‌లో వచ్చినవాటి కంటే మంచిదే, అందులో అనుమానం లేదు. ఉమామహేశ్వర్లు వైపు తిరిగి, "పోయిన ఆరు నెలల్లో దీన్ని ఎన్నిసార్లు ఆన్ చేసినారు?" అని అడిగినాడు.

ఆయన కోటిరత్నం వైపు చూసినాడు. కొనడానికి వచ్చిన మనిషి ఎదురుగా ఉన్నది. చివరికి, "రెండుసార్లు సార్" అన్నాడు. "మిషన్‌లో లోపం లేదక్కా. చక్రానికి ఒక అచ్చు, బాయిలర్‌కు ఒకటి, కిటికీకి ఒకటి. ఒక్కో అచ్చుకు ముప్పై వేలు, నెల రోజులు. వచ్చినాక కొలత కొంచెం తేడా ఉంటే అది పనికిరాదు, మళ్లీ ఇంకొకటి. చక్రం దగ్గరే ఆగిపోయినా."

కోటిరత్నం, "నాకు ఒక్క అచ్చే కదా కావాల్సింది" అన్నది. వారంలో చెప్తానని పన్నెండు పిడులూ సంచిలో వేసుకున్నది.

పొదిలి దాటుతుంటే శేషాద్రి, "దొనకొండ మీదుగా పోదామా? ఎట్లాగూ చేసినాం, ఇచ్చే పోదాం" అన్నాడు. ఆమె సంతోషంగా ఒప్పుకున్నది.

మాలకొండయ్య ఇంటి ముందు మంచం వేసినారు. సుబ్బులమ్మ చీటీలో పేర్లున్న వాళ్లందరికీ కబురు పెట్టింది. పది మంది దాకా వచ్చినారు. కోటిరత్నం ఒక్కొక్కరికీ పిడి ఇచ్చింది. మాలకొండయ్య కొలతతో చేసిన అచ్చు గదా, ఆయన చేతికి సరిగ్గా కూర్చున్నది. ఇంకో ఇద్దరికీ పట్టింది. మిగతా వాళ్లలో ఒకాయన వేళ్లు అంత తెరుచుకోవు. ఒకామెకు బొటనవేలు లోపలికి మడిచి ఉంది. ఎవరూ బాగాలేదని అనలేదు. పిడిని అటూ ఇటూ తిప్పి, నవ్వి, ఒళ్లో పెట్టుకున్నారు.

వీరమ్మ అందరికంటే పెద్దది. ఆమె గుప్పిళ్లు రెండూ మూసుకుపోయినాయి. పిడిని రెండు మణికట్ల మధ్య ఇరికించుకొని పైకెత్తి చూపించింది.

"బాగుంది తల్లీ. మా కోసం ఇంత దూరం వచ్చినావు" అన్నది. పిడి జారి కింద పడింది.

కోటిరత్నం వంగి దాన్ని తీసింది. దుమ్ము తుడిచి మళ్లీ ఆమె ఒళ్లో పెట్టింది. సుబ్బులమ్మ ఇచ్చిన మజ్జిగ తాగలేకపోయింది.

కారెక్కినాక ఆమే అడిగింది. "చెప్పన్నా."

"కొనొద్దమ్మా" అన్నాడు శేషాద్రి. "మంచి మిషనే. ఒకే వస్తువు వెయ్యి కావాలనే వాళ్లకు అది బంగారం. మనలాగా సరదాకు చేసుకునే వాళ్లు ఒకటి చేస్తారు, మార్చి ఇంకొకటి చేస్తారు. మార్పు దానికి గిట్టదు. నీ చీటీలో ఇరవై మూడు పేర్లుంటే ఇరవై మూడు రకాల చేతులున్నాయి."

"ముగ్గురికి పట్టింది కదా."

"పట్టింది."

"నువ్వు ముందే అనుకున్నావు. అందుకే నన్ను అక్కడికి తీసుకపోయినావు."

ఆయన కాదనలేదు. "నేను చెప్తే నువ్వు వినవని" అన్నాడు.

"వాళ్ల ముందర నన్ను నిలబెట్టి చూపించాల్సిన పని లేదు. ఆ ముసలామె నా మొహం చూసి అబద్ధం ఆడింది, నేను బాధపడతానని."

ఇల్లు చేరినాక శేషాద్రి, "తప్పు చేసినానమ్మా" అన్నాడు. ఆమె తల తిప్పకుండా తాళం తీసి లోపలికి పోయింది. పది రోజులు ఆయన పేపరు ఇంట్లోనే చదువుకున్నాడు.

పదకొండో రోజు ఆమె ఫోన్ చేసింది. ఆయన పోయేసరికి దుకాణంలో స్టవ్ మీద నీళ్లు కాగుతున్నాయి. పక్కన ముత్యాల్లాంటి తెల్లటి గింజల పొట్లం.

"ఇదొక రకం ప్లాస్టిక్. వేన్నీళ్లలో వేస్తే చపాతీ పిండిలాగా మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది" అన్నది. "ప్రింటర్‌లో స్పూన్ పట్టే సన్న గొట్టం ఒక్కటే చేస్తా, నలభై నిమిషాలు. దాని చుట్టూ ఈ ముద్ద పెట్టి వాళ్ల చేతికే ఇస్తా. వాళ్ల చెయ్యి ఎట్లుంటే అట్ల నొక్కుకుంటారు. నువ్వు గొట్టాన్ని చూడు, ముద్ద నిలవడానికి ఏం చేయాలో చెప్పు."

శేషాద్రి గొట్టం చుట్టూ గాట్లు పెట్టమన్నాడు. ముద్ద ఎంత వేడి ఉంటే చర్మం తట్టుకుంటదో తన చేతి మీదే నాలుగుసార్లు చూసుకున్నాడు. పది రోజుల కింది మాట ఇద్దరూ ఎత్తలేదు. ఆమె ఉమామహేశ్వర్లుకు ఫోన్ చేసి, కొనడం లేదని చెప్పింది. "నేనూ అదే అనుకున్నానక్కా" అన్నాడాయన. ఆ గొంతులో నిరాశ ఉంది గానీ కోపం లేదు.

అందరికీ కుదరలేదు. ఇద్దరికి భుజాలు కూడా లేవవు, వాళ్లకు ఏ పిడీ పనికిరాలేదు. వాళ్ల ఇంట్లో కోటిరత్నం ఊరికే కాసేపు కూర్చొని వచ్చింది.

వీరమ్మకు పిడి కాకుండా మణికట్టుకు తొడిగి స్పూన్ దూర్చుకునే పట్టీ చేసినారు. ముద్ద చల్లారేదాకా కోటిరత్నం ఆమె చేతిని తన ఒళ్లో పెట్టుకున్నది. తర్వాత కోడలు నాగేంద్రమ్మ పప్పన్నం కలిపి కంచం ముందు పెట్టింది. వీరమ్మ స్పూన్ ముంచింది. సగం ఒలికింది. మళ్లీ ముంచి నోటికి తీసుకుపోయింది. నింపాదిగా నమిలి, కోడలి వైపు చూసి, "ఉప్పు తక్కువేసినావు. నాలుగేళ్లుగా తక్కువే వేస్తున్నావు" అన్నది.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదత్తా?" అన్నది నాగేంద్రమ్మ.

"నోట్లో పెట్టేదానివి నువ్వైతివి, ఎట్ల చెప్పేది?" అని వీరమ్మ ఇంకో ముద్ద తీసుకున్నది.

నాగేంద్రమ్మ వంటింట్లోకి పోయి ఉప్పు డబ్బా తెచ్చి అత్త పక్కన పెట్టింది.