చీనుభాయ్ డబ్బా

కరకరలాడే ఎండు రొట్టె ఖాఖ్రాను చీనుభాయ్ తినే తీరు చూస్తే జసుబెన్‌కు రోత పుట్టేది. భార్య పోయాక ఈ మరిది అన్న ఇంట్లో చేరి పద్నాలుగు నెలలైంది. పొద్దున్నే ఉయ్యాల బల్ల మీద కూర్చుని, ఖాఖ్రాకు నెయ్యి దట్టంగా పులిమి, టీలో ముంచి, నోరు తెరిచే నమిలేవాడు. ఖాఖ్రా పొడి మీసాల్లో, పొట్ట మీద, నేల మీద రాలేది. నెయ్యి మోచేతి దాకా కారితే మోచెయ్యే నాకేవాడు. ఆ వేళ్లు తీసుకెళ్లి ఉయ్యాల గొలుసుకు తుడిచేవాడు. రోజూ ఆ జిడ్డు గొలుసు తోముతూ జసుబెన్ పళ్లు నూరేది. ఛీ, ఇదీ ఒక తిండేనా!

భర్తకు పళ్లు లేవు, ఖాఖ్రా ముట్టడు. ఆమె పూటకో రొట్టెతో సరిపెట్టుకుంటుంది. ఇంట్లో ఖాఖ్రా తినేది చీనుభాయ్ ఒక్కడే. ఈ మనిషికి అంత సేవ ఎందుకని మంట పెద్దది చేసి, చెక్క దిమ్మతో నాలుగు అదుములు అదిమి, మాడినా విరిగినా పాత సొట్ట డబ్బాలో పడేసేది. అతను ఒక్కనాడూ వంక పెట్టలేదు. అదీ ఆమెకు రోతగానే ఉండేది.

ఇంతలో కబురొచ్చింది. పదకొండేళ్ల కిందట జైన దీక్ష తీసుకుని వెళ్లిపోయిన కూతురు బీజల్, ఇప్పటి సాధ్వి నిర్మోహశ్రీ మహరాజ్, ఊళ్లన్నీ నడిచి అహ్మదాబాద్ చేరింది. తాముండే పోళ్ వాడ పక్కన, సాధ్వులు బస చేసే ఉపాశ్రయంలోనే దిగింది. రేపు ఈ సందులోకే భిక్షకు వస్తుంది. చిన్నప్పుడు ఆ పిల్లకు తల్లి చేతి ఖాఖ్రా అంటే ప్రాణం. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి దాని పాత్రలో వెయ్యాలని జసుబెన్ పట్టుపట్టి కూర్చుంది.

సాధువుల కోసమని వండినది వాళ్లు తీసుకోరు. ఇంటివాళ్లకు వండుకున్నదాంట్లోంచే పెట్టాలి. ఆ సంగతి పోళ్‌లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. తెలిసే జసుబెన్ ఆ మధ్యాహ్నమంతా సన్నని సెగ మీద, జీలకర్ర వేసి, ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి అదిమి, ఇరవై ఖాఖ్రాలు దోరగా కాల్చి కొత్త డబ్బాలో దాచింది. ఇంటికోసమే అంటే సరి, ఎవరు చూడొచ్చారు?

మండే పొయ్యి, తడి చేతులు ఉంటే సాధ్వులు భిక్ష తీసుకోరని, మర్నాడు ఆమె పొయ్యి ఆర్పేసి, చేతులకు తడి లేకుండా ఆరబెట్టుకుని కూర్చుంది. చీనుభాయ్ అప్పటికే సొట్ట డబ్బాలోంచి రెండో ఖాఖ్రా నములుతున్నాడు.

"ధర్మలాభ్" అని గుమ్మంలో దీవెన వినిపించింది. ఇద్దరు సాధ్వులు. వాళ్లలో చిన్నామే బీజల్; కాళ్లు నల్లగా పగిలిపోయి ఉన్నాయి.

"రండి, మహరాజ్ సాహెబ్, రండి!" జసుబెన్ గబగబా లేచింది. కొత్త డబ్బా మూత తీసింది. "ఖాఖ్రా ఉంది. తీసుకోండి."

కూతురు డబ్బాలోకి చూసింది. "అంచుదాకా ఉన్నాయే, శ్రావికా. దీంట్లోంచి ఇంట్లో ఎవరైనా తిన్నారా?"

ఏ ఇల్లాలినైనా పిలిచే ‘శ్రావికా’ అన్న మాటే, అమ్మా అనలేదు. అనదని తెలిసినా జసుబెన్‌కు కలుక్కుమంది. "తిన్నారు, మహరాజ్. ఇంటికోసమే చేశాను. ఇదిగో, మా మరిదిగారు రోజూ తింటారు."

"ఏదీ?" చీనుభాయ్ నోటినిండా పెట్టుకునే అందుకున్నాడు. పొడి తుంపరలై పడింది. "ఆ డబ్బా నేనెప్పుడూ చూళ్లేదే వదినా! నాది ఈ సొట్ట డబ్బా కదా?"

దరిద్రుడు! నోరు మూసుకుని నమలడం రాదు, మూసుకుని ఊరుకోవడమూ రాదు. జసుబెన్‌కు అతన్ని ఉయ్యాల మీంచి తోసెయ్యాలనిపించింది.

కూతురు కొత్త డబ్బా మీంచి చూపు తిప్పుకుంది. "ఈయన తినేదాంట్లోంచి ఒకటి వెయ్యండి" అంది. చీనుభాయ్ వైపు తిరిగి, "మీకు తక్కువ కాదు కదా?" అని అడిగింది.

"అయ్యో, అన్నీ తీసుకోండి! మా వదిన మళ్లీ చేస్తుంది."

జసుబెన్ సొట్ట డబ్బాలో చెయ్యి పెట్టి వెతికింది. అడుగుదాకా వెతికింది. మాడనిది ఒక్కటీ లేదు. చివరికి సగం నల్లబడిన ముక్క ఒకటి పాత్రలో వేసింది. పదకొండేళ్లకు కన్నకూతురికి పెట్టింది అది. సాధ్వులు తల వంచుకుని మెట్లు దిగిపోయారు.

వాళ్లు సందు మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోంచి చూసింది. వెనక నుంచి చీనుభాయ్ మెల్లగా అడిగాడు.

"వదినా, ఇంక ఆ కొత్తవి నేను తినొచ్చా?"

ఆమె డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది. అతను ఒకటి తీసి కొరికాడు. కరకరమంది. నమలడం ఆపి, చేతిలోని ముక్కను వెలుతురుకు ఎత్తి చూశాడు.

"నీకింత బాగా చెయ్యడం వచ్చా, వదినా?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు, ఆశ్చర్యమే. తన మీద తనకే రోత పుట్టి, జసుబెన్ నెయ్యిగిన్నె అతని దగ్గరకు జరిపింది.